ఆన్‌లైన్ చిరు సంపాదనల మీద పన్ను కంటే భయమే ఎక్కువైంది

సంపాదకులకు,

అయ్యా,

ఉద్యోగం చేసుకుంటూనో, చదువుకుంటూనో, ఇంటి పని చక్కబెట్టుకుంటూనో, తీరిక వేళల్లో ఆన్‌లైన్‌లో పని చేసి నెలకు మూడు వేలో ఎనిమిది వేలో సంపాదించుకునేవారు ఇప్పుడు మా తెనాలి లాంటి ఊళ్లలో కూడా వీధికి ఇద్దరు ముగ్గురు కనిపిస్తున్నారు. పిల్లలకు ట్యూషన్లు చెప్పేవారు, అనువాదాలు చేసేవారు, వీడియోలు ఎడిట్ చేసి పెట్టేవారు, యూట్యూబ్‌లో వంటలు చూపించేవారు, బయటి కంపెనీలకు చిన్న చిన్న ప్రోగ్రాములు రాసిచ్చేవారు వీరిలో ఉన్నారు. ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలు చేసే పనిలో ఉన్నవాడిగా, వీరు పడుతున్న ఇబ్బంది గురించి కొన్ని సంగతులు మీ పాఠకుల ముందు, మీ పత్రిక ద్వారా ప్రభుత్వాల ముందు ఉంచదలచాను. 2025-26 ఆర్థిక సంవత్సరం ఈ మార్చి 31తో ముగుస్తోంది. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వస్తోంది. అడగదలచుకున్నవి అడగడానికి ఇదే తగిన సమయం కనుక, లేఖ కాస్త పొడవైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ముందుగా చట్టం ఏమంటుందో చెప్పాలి. అసలు పని ఒకటి ఉండగా అదనంగా వచ్చే చిన్న మొత్తాలకు మన చట్టంలో విడిగా మినహాయింపు ఏదీ లేదు. నెలకు వెయ్యి రూపాయలు వచ్చినా అది ఆదాయమే, ఏడాది మొత్తం ఆదాయంలో కలిపి చూపవలసిందే. పన్ను పడుతుందా లేదా అన్నది ఆ మొత్తం ఎంతకు చేరిందన్న దాన్ని బట్టి తేలుతుంది. కొత్త పన్ను విధానంలో 2025-26 సంవత్సరానికి పన్ను పడని మొదటి పరిమితి 4 లక్షల రూపాయలు. పన్నెండు లక్షల దాకా పన్ను లేదని 2025 బడ్జెట్ నాటి నుంచి అందరి నోటా వినిపిస్తున్న మాట నిజమే గానీ, చాలామంది దాన్ని సగమే అర్థం చేసుకున్నారు. ఆదాయం 4 లక్షలు దాటిన దగ్గర నుంచి పన్ను లెక్క కడతారు. మొత్తం 12 లక్షలు మించకపోతే, అలా లెక్కతేలిన పన్నును గరిష్ఠంగా 60 వేల రూపాయల వరకు 1961 చట్టంలోని సెక్షన్ 87ఏ కింద రిబేటుగా వదిలేస్తారు. అంటే 4 లక్షలు దాటినవారు ఒక్క రూపాయి కట్టనక్కర లేకపోయినా రిటర్ను వేయాలి. గడువు దాటాక వేస్తే 5 లక్షల లోపు ఆదాయానికి వెయ్యి రూపాయలు, అంతకు మించితే 5 వేల దాకా ఆలస్య రుసుము పడుతుంది. పన్ను సున్నా అయిన మనిషి, గడువు తెలియక రుసుము కట్టవలసి రావడం నేను తరచుగా చూస్తున్నాను. ఆదాయం 4 లక్షల లోపే ఉన్నవారికి కూడా, డబ్బు చెల్లించేవారు ముందే కోసే పన్ను, అంటే టీడీఎస్, ఏడాదిలో 25 వేలు చేరినా, వృత్తి మీద వచ్చిన రాబడి 10 లక్షలు దాటినా రిటర్ను తప్పనిసరి అన్న సంగతి మరీ కొద్దిమందికే తెలుసు.

రిటర్ను వేయనక్కర లేనివారి పరిస్థితి ఇంకా విచిత్రంగా ఉంటుంది. ఒక ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయిని లెక్క చూద్దాం. ఆమె జీతం నెలకు 22 వేలు, ఏడాదికి 2 లక్షల 64 వేలు. సాయంత్రాలు ఒక ఆన్‌లైన్ ట్యూషన్ కంపెనీకి గణితం చెబితే నెలకు 6 వేల చొప్పున ఏడాదికి 72 వేలు వస్తున్నాయి. రెండూ కలిపినా 3 లక్షల 36 వేలే కనుక పన్ను లేదు, రిటర్ను వేయవలసిన బాధ్యతా లేదు. అయితే వృత్తి రుసుముగా చెల్లించే డబ్బు ఏడాదికి 50 వేలు దాటితే కంపెనీ సెక్షన్ 194జె కింద పది శాతం కోసి ప్రభుత్వానికి జమ చేయాలి. 2025 మార్చి దాకా ఆ పరిమితి 30 వేలే ఉండేది. పాన్ ఇవ్వకపోతే కోత ఇరవై శాతం. అలా ఆమె డబ్బు 7,200 రూపాయలు ప్రభుత్వం దగ్గర ఉండిపోతాయి. పన్నే లేని మనిషి దగ్గర కోసిన ఆ డబ్బు తిరిగి రావాలంటే రిటర్ను వేయడం ఒక్కటే దారి. బ్యాంకు డిపాజిట్ల వడ్డీకైతే, తనకు పన్ను పడదని ప్రకటించే ఫారం 15జి ఇచ్చి ముందే కోత ఆపించుకోవచ్చు. వృత్తి రుసుముకు ఆ సౌకర్యం లేదు. తక్కువ కోత కోసం సెక్షన్ 197 కింద శాఖకు దరఖాస్తు పెట్టి సర్టిఫికెట్ తెచ్చుకునే వీలు ఉన్నమాట నిజమే గానీ, నెలకు 600 రూపాయల కోత కోసం అంత ప్రయాస ఎవరు పడతారు? 7,200 అంటే ఆమెకు పది రోజుల జీతం. డిసెంబరు 31 లోగా రిటర్ను వేయకపోతే ఆ డబ్బు మామూలు దారిలో తిరిగి రాదు. నాలుగేళ్ల దాకా వేసుకోవచ్చని చెబుతున్న అప్‌డేటెడ్ రిటర్ను కూడా రీఫండ్ అడగడానికి పనికిరాదు. ఆలస్యాన్ని మన్నించమని సెక్షన్ 119 కింద విడిగా అర్జీ పెట్టుకోవలసి వస్తుంది.

సరే, రిటర్ను వేద్దామని కూర్చుంటే ఫారం దగ్గర అసలు చిక్కు మొదలవుతుంది. జీతగాళ్లందరికీ అలవాటైన రిటర్ను ఫారం ఐటీఆర్-1లో వ్యాపారం మీద గానీ వృత్తి మీద గానీ వచ్చిన ఆదాయం చూపడానికి చోటు లేదు. ఎప్పుడో ఒకసారి ఒక ప్రసంగానికో వ్యాసానికో వచ్చిన పారితోషికాన్ని ఇతర ఆదాయాల కింద చూపవచ్చు. నెలనెలా క్రమంగా వస్తున్న డబ్బు మాత్రం వృత్తి ఆదాయం అవుతుంది. కనుక 72 వేల అదనపు ఆదాయం ఉన్న ఆ ఉపాధ్యాయిని ఐటీఆర్-1ను వదిలి ఐటీఆర్-4కో, పెద్ద వ్యాపారులు నింపే ఐటీఆర్-3కో వెళ్లాలి. తెలియక ఐటీఆర్-1 వేస్తే, 194జె కింద కోత పడిన వివరం ఏఐఎస్ అనే వార్షిక సమాచార నివేదికలో అప్పటికే ఉంటుంది కనుక, రిటర్ను లోపభూయిష్ఠమని సెక్షన్ 139(9) కింద నోటీసు రావచ్చు. పదిహేను రోజుల్లో సరిచేయాలని ఉండే ఆ నోటీసు ఈమెయిల్‌లో ఇంగ్లీషులో వస్తుంది. అది చూసి దాడులు జరుగుతాయేమోనన్నంత కంగారుతో మా దగ్గరకు పరుగెత్తుకొచ్చినవారు ఉన్నారు. చూడకుండా వదిలేసినవారు అంతకంటే ఎక్కువ మంది.

ఐటీఆర్-4 సులువైనదే. ఖాతా పుస్తకాలు రాయనక్కర లేకుండా, వచ్చిన రాబడిలో సగం ఖర్చులకు పోయిందనుకుని మిగతా సగమే ఆదాయంగా చూపే వెసులుబాటు సెక్షన్ 44ఏడీఏ ఇస్తుంది. కానీ ఆ వెసులుబాటు అందరికీ వర్తించదు. న్యాయవాదులు, వైద్యులు, ఇంజినీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లు, సాంకేతిక సలహాదారులు, ఇంటీరియర్ డెకరేటర్లు, వీరితో పాటు సినిమా కళాకారులు, సమాచార సాంకేతిక రంగం వారు వంటి ప్రకటిత వృత్తులకే అది పరిమితం. సోషల్ మీడియా ఇన్‌ఫ్లుయెన్సర్లకైతే 2025లో వచ్చిన ఫారాల్లో 16021 అనే విడి కోడే కేటాయించారు. ట్యూషన్ చెప్పేవారు, అనువాదం చేసేవారు మాత్రం ఆ వృత్తుల జాబితాలో లేరు. వీరు 44ఏడీఏ కిందికి రారు. వ్యాపారానికి ఉద్దేశించిన 44ఏడీ కింద చూపవచ్చునా అన్నదాని మీద నిపుణుల్లోనే రెండు అభిప్రాయాలు ఉన్నాయి. ఒకే గదిలో ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రాములు రాసే అన్నకు సగం ఖర్చు ఉన్నట్టు ఒప్పుకుని, పాఠాలు చెప్పే చెల్లెలిని మాత్రం కరెంటు బిల్లు, ఇంటర్నెట్ బిల్లు, కంప్యూటర్ తరుగుదల లెక్కలు దాచిపెట్టుకోమనడం నాకు న్యాయంగా తోచడం లేదు.

ఈ తేడా వల్ల ఎంత డబ్బు అటూ ఇటూ అవుతుందో ఒక లెక్క చెబుతాను. విజయవాడలో ఒక ఉద్యోగికి ఏడాది జీతం 12 లక్షల 60 వేలు. 75 వేల ప్రామాణిక తగ్గింపు పోను 11 లక్షల 85 వేలు కనుక అతనికి పన్ను సున్నా. ఆన్‌లైన్ పని మీద మరో 40 వేలు వచ్చాయి. ఆ పని 44ఏడీఏ జాబితాలోనిదైతే సగం, అంటే 20 వేలే కలిసి, మొత్తం 12 లక్షల 5 వేలు అవుతుంది. స్లాబుల ప్రకారం పన్ను 60 వేలు దాటినా, 12 లక్షల మీద అదనంగా వచ్చిన మొత్తానికి మించి పన్ను ఉండరాదన్న మార్జినల్ రిలీఫ్ వల్ల అతను కట్టేది 5 వేలు, సెస్సుతో 5,200. అదే 40 వేలను ఖర్చులేమీ చూపకుండా ఇతర ఆదాయంగా రాస్తే మొత్తం 12 లక్షల 25 వేలై, పన్ను 25 వేలు, సెస్సుతో 26 వేలు అవుతుంది. నలభై వేలు సంపాదించి ఇరవై ఆరు వేలు పన్ను కట్టడం! ఒకే మనిషి, అంతే డబ్బు, ఏ గడిలో రాశాడన్న దాన్ని బట్టి 20,800 రూపాయల తేడా వస్తోంది. ఇందులో ఎగవేత ఏమీ లేదు, రెండూ చట్టం చెప్పిన లెక్కలే. 12 లక్షల ఒడ్డున ఉన్న ఉద్యోగులు అదనపు పని ఒప్పుకునే ముందే ఈ లెక్క వేసుకోవాలని, మార్చి దాటాక చేయగలిగింది ఏమీ ఉండదని ఈ సందర్భంగా మనవి చేస్తున్నాను.

అడ్వాన్స్ ట్యాక్సు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. జీతం మీద కోసింది పోను కట్టవలసిన పన్ను 10 వేలు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే, రిటర్ను వేసేదాకా ఆగకుండా ఏడాది మధ్యలోనే వాయిదాల్లో కట్టాలి. జూన్, సెప్టెంబరు, డిసెంబరు, మార్చి నెలల 15వ తేదీలు ఆ వాయిదాల గడువులు. 44ఏడీఏ కింద చూపేవారికి మార్చి 15 నాటికి ఒకేసారి కట్టే వీలుంది. కట్టకపోతే నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ పడుతుంది. పద్నాలుగు లక్షల జీతం ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి బయటి పని మీద 1 లక్షా 80 వేలు సంపాదిస్తే, సగం తీసేసినా దాని మీద పడే పన్ను సెస్సుతో 14,040 రూపాయలు. ఈ లేఖ అచ్చయ్యే నాటికి గడువు మిగిలి ఉంటే, అలాంటివారు ఆ పని వెంటనే చూసుకోవడం మంచిది. బయట పని చేస్తున్నట్టు యాజమాన్యానికి తెలిస్తే ఉద్యోగం పోతుందన్న భయంతో రిటర్నులోనే ఆ ఆదాయం దాచేస్తున్నవారూ ఉన్నారు. ఉద్యోగ ఒప్పందం వేరు, పన్ను చట్టం వేరు. యాజమాన్యం అనుమతి ఉందా లేదా అని రిటర్ను ఫారం ఎక్కడా అడగదు.

యూట్యూబ్ రాబడి విషయంలో మన తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. మన వంటల, పూజల, పల్లె ముచ్చట్ల చానళ్లను అమెరికాలోని తెలుగు కుటుంబాలు విరివిగా చూస్తాయి. అక్కడి ప్రేక్షకుల వల్ల వచ్చిన రాబడి మీద 2021 జూన్ నుంచి అమెరికా పన్ను కోస్తున్నారు. పన్ను వివరాలు సరిగా నింపి ఇస్తే, రెండు దేశాల ఒప్పందం ప్రకారం ఆ భాగం మీద పదిహేను శాతమే కోత. నింపకపోతే ప్రపంచం మొత్తం మీద వచ్చిన రాబడిలో ఇరవై నాలుగు శాతం దాకా పోవచ్చు. అక్కడ కోసిన పన్నుకు ఇక్కడ ఫారం 67 దాఖలు చేసి తగ్గింపు అడగవచ్చు గానీ, ఇక్కడ పన్నే లేని చిరు సంపాదనపరులకు ఆ తగ్గింపు వల్ల లాభం లేదు, అక్కడ పోయింది పోయినట్టే. కనీసం ఆ పన్ను వివరాల పత్రం నింపడమన్నా అందరికీ తెలిస్తే ఎంతో కొంత మిగులుతుంది. చానళ్లవారికి కంపెనీలు ఉచితంగా పంపే ఫోన్లు, మిక్సీలు కూడా లెక్కలోకి వస్తాయి. ఏడాదిలో ఒక కంపెనీ ఇచ్చిన వాటి విలువ 20 వేలు దాటితే సెక్షన్ 194ఆర్ కింద పది శాతం పన్ను కోత ఉంటుంది. వీడియో తీసి వస్తువును వెనక్కి పంపేస్తే ఆ సమస్య లేదు. ఇక జీఎస్టీ నంబరు లేకపోతే జరిమానా అంటూ ఫోన్లు చేసి భయపెట్టేవారిని నమ్మవద్దు. సేవల మీద ఏడాది రాబడి 20 లక్షలు దాటేదాకా వీరెవరికీ సాధారణంగా ఆ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

ఇంతవరకూ చెప్పినవి తెలియకపోవడం వల్ల వచ్చే చిక్కులు. మా ప్రాంతంలో వీటన్నిటినీ మించిన సమస్య భయం. రిటర్ను వేస్తే ఇంట్లో పింఛను ఆగిపోతుందని, రేషన్ కార్డు రద్దవుతుందని, పిల్లల చదువుకు వచ్చే సాయం పోతుందని జనం గట్టిగా నమ్ముతున్నారు. ఈ నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. మన రాష్ట్ర సంక్షేమ పథకాల అర్హత నిబంధనల్లో కుటుంబంలో ఆదాయపు పన్ను చెల్లింపుదారు ఉండరాదన్న షరతు ఏళ్ల తరబడి ఉంది. కేంద్రం ఇచ్చే పీఎం కిసాన్‌లో కూడా, అంతకుముందు అసెస్‌మెంట్ సంవత్సరంలో (ఆదాయం వచ్చిన ఆర్థిక సంవత్సరానికి మరుసటి ఏడాది) ఆదాయపు పన్ను కట్టినవారి కుటుంబాలు అనర్హమే. అయితే షరతు పన్ను కట్టినవారి గురించి. పన్ను సున్నాగా తేలి, కోసిన డబ్బు వెనక్కి తెచ్చుకోవడానికి రిటర్ను వేసినవారు పన్ను కట్టినవారు ఎలా అవుతారు? ఈ తేడాను గ్రామ, వార్డు సచివాలయంలో అడిగితే ఒక్కొక్కరు ఒక్కొక్క మాట చెబుతున్నారు. పీఎం కిసాన్‌లో కుటుంబమంటే భార్య, భర్త, మైనారిటీ తీరని పిల్లలు మాత్రమేనని, పెళ్లీడుకొచ్చిన కొడుకు కట్టే పన్నుతో తండ్రికి సంబంధం లేదని చెప్పేవారూ తక్కువే.

ఆ భయం మనుషుల చేత ఏం చేయిస్తోందో నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం విషయం చెబుతాను. తల్లికి నెలకు 4 వేల రూపాయల వితంతు పింఛను వస్తోంది. కొడుకు డిగ్రీ చదువుతూ రాత్రిళ్లు వీడియోలు ఎడిట్ చేసి నెలకు 9 వేలు సంపాదిస్తున్నాడు. తన పేరు మీద ఆదాయం కనబడితే అమ్మ పింఛను పోతుందేమోనని, ఎవరో ఇచ్చిన సలహా విని, పని ఇచ్చే సంస్థకు తల్లి పాన్, తల్లి బ్యాంకు ఖాతా నంబరే ఇచ్చాడు. ఏడాది తిరిగేసరికి పన్ను కోతల వివరాలుండే ఆమె ఫారం 26ఏఎస్‌లో వృత్తి రుసుము కింద 1 లక్షా 8 వేల రూపాయలు వచ్చినట్టు, 10,800 పన్ను కోసినట్టు నమోదైంది. కంప్యూటర్ ముట్టుకుని ఎరుగని ఆమె, కాగితం మీద వృత్తి నిపుణురాలైంది. పింఛను కాపాడుకోవడానికి చేసిన పని, పింఛను తీసుకునే మనిషి పేరు మీదే ఆదాయాన్ని తెచ్చి పెట్టింది. ఆ డబ్బు తనదేనని ఆమె సంతకం పెట్టి రీఫండ్ అడిగితే అది అబద్ధం చెప్పినట్టవుతుంది. అడగకపోతే పదివేల ఎనిమిది వందలు పోతాయి. సంస్థ తన టీడీఎస్ వివరాలను కొడుకు పాన్‌కు మార్చి సవరిస్తే తప్ప ఇది సరికాదు. ఆ సవరణ కోసం నెలల తరబడి ఈమెయిళ్లు పెడుతూనే ఉన్నాం. ఆ అబ్బాయి తన పాన్ మీదే డబ్బు తీసుకుని ఉంటే, ఏడాదికి లక్షా ఎనిమిది వేల ఆదాయానికి పన్ను లేదు, రిటర్ను వేయగానే రీఫండ్ ఖాతాలో పడేది, అతను పన్ను చెల్లింపుదారు అయ్యేవాడే కాదు.

అందువల్ల రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరేది ఒక్కటే. మొత్తం ఆదాయం మీద పన్ను సున్నాగా తేలిన రిటర్నును, రీఫండ్ కోసం వేసిన రిటర్నును పథకాల పరిశీలనలో పన్ను చెల్లింపుగా లెక్కించరాదని స్పష్టంగా ఉత్తర్వు ఇచ్చి, దాన్ని తెలుగులో ప్రతి గ్రామ, వార్డు సచివాలయంలో గోడ మీద అంటించాలి. దీనివల్ల ఖజానాకు పైసా నష్టం లేదు. ఎవరి ఆదాయం వారి పేరు మీదే బయటపడుతుంది కనుక అనర్హులను ఏరడం కూడా సులువవుతుంది. ఆదాయ పరిమితి వేరు నిబంధన, అది ఎలాగూ ఉంటుంది. దాన్ని సడలించమని నేను అడగడం లేదు.

కేంద్రాన్ని కోరేది ఫారం గురించి. షేర్ల మీద దీర్ఘకాలిక లాభం ఒక్క రూపాయి ఉన్నా ఐటీఆర్-2కు వెళ్లాలన్న నిబంధన ఒకప్పుడు ఉండేది. 2025-26 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి, అలాంటి లాభం 1 లక్షా 25 వేల లోపు ఉంటే ఐటీఆర్-1లోనే చూపుకోవచ్చన్నారు. మంచి మార్పు అది. షేర్లలో లాభం వచ్చినవారికి చేసిన ఆ సౌకర్యాన్ని, రాత్రి పది దాకా పాఠాలు చెప్పి 72 వేలు తెచ్చుకునే ఉపాధ్యాయినికి ఎందుకు చేయకూడదు? ఏడాదికి లక్ష రూపాయల లోపు అదనపు వృత్తి రాబడి ఏ పని మీద వచ్చినా ఐటీఆర్-1లో ఒకే వరుసలో చూపి, అందులో సగాన్ని ఖర్చుగా తీసివేసుకునే వీలు కల్పించాలి. ఆ వరుసలోనికి ఏఐఎస్‌లోని అంకె ముందే వచ్చి కూర్చునేట్టు చేయడం శాఖకు కష్టమైన పనేమీ కాదు. బ్రిటన్‌లో 2017 ఏప్రిల్ నుంచి ఇంతకంటే పెద్ద వెసులుబాటే ఉంది. అక్కడ ఏడాదికి వెయ్యి పౌండ్ల లోపు ఉండే చిన్న వ్యాపార రాబడికి పన్నూ ఉండదు, సాధారణంగా రిటర్ను అక్కరా ఉండదు. మనం అంత దూరం వెళ్లకపోయినా సరే, ఆదాయాన్ని దాచకుండా చెప్పడానికి సులువైన చోటు ఒకటి చూపిస్తే చాలు. ఫారం 15జి లాంటి స్వీయ ప్రకటనను లక్ష లోపు వృత్తి రుసుములకు కూడా అనుమతిస్తే, వెనక్కి ఇవ్వవలసిన డబ్బును ముందు కోయడమన్న శ్రమ రెండు వైపులా తప్పుతుంది. ఈ మార్పులు వస్తే మా లాంటివారి దగ్గరకు వచ్చేవారు తగ్గుతారని నాకు తెలుసు. ఏడు వేల రీఫండ్ కోసం ఎనిమిది వందల ఫీజు ఇచ్చుకోవలసిన అవసరం ఎవరికీ ఉండకూడదన్నదే నా ఉద్దేశం. కొత్త చట్టం కింద సెక్షన్ల సంఖ్యలు, ఫారాలు ఎలాగూ మారుతున్నాయి. మార్చేటప్పుడే ఈ సౌకర్యం కూడా కల్పించడం తేలిక.

పని ఇచ్చే సంస్థలకు ఒక మాట. పన్ను కోసి, కోసినట్టు ధ్రువీకరించే ఫారం 16ఏ ఇవ్వకుండా మూడు నెలలకోసారి అడిగించుకునే అలవాటు చాలా సంస్థలకు ఉంది. కోసిన పన్నును జమ చేయని సందర్భాలూ నేను చూశాను. అలా కోసినట్టు రుజువున్న మేరకు ఆ పన్నును మళ్లీ పనిచేసినవారి నుంచి నేరుగా వసూలు చేయరాదని సెక్షన్ 205 చెబుతోంది గానీ, రుజువు చూపాలంటే ఇన్వాయిస్, చెల్లింపు చీటీ, బ్యాంకు వివరం భద్రంగా ఉండాలి. వాట్సాప్‌లో ఒప్పుకుని, ఫోన్‌పేలో డబ్బు తీసుకుని, ఏ కాగితమూ లేకుండా పని చేసేవారు కనీసం ఒక నోటు పుస్తకంలో తేదీ, ఎవరిచ్చారు, ఎంత ఇచ్చారు, ఎంత కోశారు అన్న నాలుగు వివరాలు రాసుకుంటే తరువాత అదే ఆధారమవుతుంది. ఏడాదికి రెండుసార్లయినా ఆదాయపు పన్ను వెబ్‌సైటులో తమ ఏఐఎస్ తెరిచి, తమది కాని ఆదాయం తమ పేరు మీద ఉందేమో చూసుకోవడం ఇంకా అవసరం. అందులోనే అభ్యంతరం నమోదు చేసే వీలుంది.

రీఫండ్ తెప్పిస్తాం, వచ్చినదాంట్లో వాటా ఇస్తే చాలు అని తిరిగే మధ్యవర్తుల విషయంలో మాత్రం గట్టిగా హెచ్చరించాలి. లేని ఇంటి అద్దె, కట్టని విరాళాలు, లేని అప్పుల వడ్డీ చూపించి రీఫండ్లు తెప్పించిన బాగోతాల మీద 2025 జూలైలో ఆదాయపు పన్ను శాఖ దేశవ్యాప్తంగా తనిఖీలు చేసింది. రిటర్ను ఎవరు నింపినా బాధ్యత పాన్ ఎవరిదో వారిదే. లాగిన్ పాస్‌వర్డు, ఓటీపీ అవతలివారి చేతిలో పెట్టి, ఏం రాశారో చూడకుండా ఊరుకున్నవారికే తరువాత నోటీసులు వచ్చాయి. గత సంవత్సరాల్లో ఆన్‌లైన్ ఆదాయం చూపకుండా వదిలేసినవారికి నోటీసు వచ్చేదాకా ఆగకుండా సరిదిద్దుకునే దారి ఉంది. అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక నాలుగేళ్ల లోపు అప్‌డేటెడ్ రిటర్ను వేయవచ్చు. మొదటి ఏడాదిలో వేస్తే పన్ను, వడ్డీల మీద ఇరవై ఐదు శాతం అదనం, రెండో ఏడాదిలో యాభై, ఆపైన అరవై, చివరి ఏడాదిలో డెబ్బై శాతం. ఆలస్యమైన కొద్దీ భారం పెరుగుతుంది కనుక, పన్ను పడే స్థాయిలో సంపాదించి చూపనివారు ఈ వేసవిలోనే ఆ లెక్క తేల్చుకోవడం మేలు.

పథకాల విషయంలో నేను కోరిన ఉత్తర్వు జూన్‌కు ముందే రావాలి. కంపెనీలు చివరి మూడు నెలల టీడీఎస్ వివరాలు మే నెలాఖరుకు దాఖలు చేస్తాయి, జూన్ మధ్యకు ఫారం 16ఏలు చేతికొస్తాయి, అప్పటి నుంచే జనం రిటర్ను వేయాలా వద్దా అని మమ్మల్ని అడగడం మొదలుపెడతారు. నిరుడు అలా అడిగినవారిలో కొందరు, ఎంత నచ్చజెప్పినా పింఛను మీద భయంతో తమ డబ్బు వదులుకుని వెళ్లిపోయారు. ఈ ఏడాది వారికి చూపించడానికి ప్రభుత్వం సంతకం ఉన్న కాగితం ఒకటి నా బల్ల మీద ఉండాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పన్ను ప్రాక్టీషనర్,
తెనాలి